మనకు తలుపు తీసినవారు

మన తెలుగువాళ్ళు నాలుగు కుటుంబాలు భోజనాలకు కలిస్తే, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఒక మాట తప్పకుండా వస్తుంది. "మనం రెండు సూటుకేసులతో వచ్చాం. ఎవరి ముందూ చెయ్యి చాపకుండా కష్టపడి పైకొచ్చాం. తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన నల్లవాళ్ళు ఎందుకు రాలేకపోతున్నారు?" అని. ఈ మాట మేమూ అన్నాం. ఇతరులు అంటుంటే తలూపాం గూడా. కనుక ఈ వ్యాసం ఎవరినో తప్పుపట్టడానికి రాస్తున్నది కాదు. ఆలస్యంగా తెలుసుకున్న నాలుగు సంగతులు మీతో పంచుకుందామనే మా ప్రయత్నం.

మేము రెసిడెన్సీ ముగించుకొని, వీసా షరతు ప్రకారం దక్షిణాదిలోని ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో మూడేళ్ళ ఉద్యోగానికి కుదిరాము. ఒకనాడు ఎనభై దాటిన నల్లజాతి వృద్ధురాలు గుండె జబ్బుతో వచ్చి వార్డులో చేరింది. కిటికీ పక్క మంచం ఇచ్చాం. ఆవిడ గదంతా కలయజూసి, తన మొదటి కాన్పు ఈ ఆసుపత్రిలోనే, కింద నేలమాళిగలో జరిగిందని చెప్పింది. ఆ రోజుల్లో తనవాళ్ళకు పై అంతస్తులో మంచం ఇచ్చేవారు కాదట. ఎప్పటి మాట అని అడిగితే 1962 అంది. అది మా నాన్నగారు పుట్టిన సంవత్సరం. ఎప్పటిదో పాత చరిత్ర అనుకున్నది ఒక్క తరం కిందటి సంగతేనన్నమాట! ఆ రాత్రి నుంచే ఈ విషయాలు చదవడం మొదలుపెట్టాం.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946లో, ఊరూరా ఆసుపత్రులు కట్టడానికి కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చే హిల్-బర్టన్ చట్టం వచ్చింది. మంచి చట్టమే. కాని రెండు జాతులకూ విడివిడిగా, సమానమైన వసతులు కల్పిస్తే చాలునని అందులోనే ఒక వెసులుబాటు పెట్టారు. విడివిడి అన్నది తు.చ. తప్పకుండా అమలైంది, సమానం అన్నది కాగితం మీద మిగిలిపోయింది. 1950 దాకా రెడ్‌క్రాస్ వారు దాతల రక్తాన్ని గూడా జాతి వారీగా గుర్తించి ఉంచేవారు. రక్తానికి గ్రూపులుంటాయి గాని జాతులుండవని ఆనాటి డాక్టర్లకు తెలియక కాదు. దక్షిణాదిలో చాలా ఆసుపత్రుల్లో నల్లజాతి డాక్టరు తన రోగిని తానే చేర్చుకొని వైద్యం చేసే వీలుండేది కాదు. స్థానిక వైద్య సంఘాలు సభ్యత్వం ఇచ్చేవి కావు. అందుకే వారు 1895లోనే నేషనల్ మెడికల్ అసోసియేషన్ అని తమ సంఘం తాము పెట్టుకున్నారు.

ఈ గోడను కోర్టులో మొదట కదిలించిన వారిలో ఒక పళ్ళ డాక్టరున్నాడు. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో జార్జ్ సిమ్‌కిన్స్ అనే ఆయన 1962లో తోటి డాక్టర్లను, రోగులను కలుపుకొని తమ ఊరి రెండు ఆసుపత్రుల మీద దావా వేశాడు. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన ఆసుపత్రి జాతి వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధమని 1963లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. 1964 పౌరహక్కుల చట్టం, వివక్ష చూపే సంస్థలకు కేంద్ర ప్రభుత్వ ధనం ఇవ్వరాదన్నది. అయితే చట్టం వచ్చినంత మాత్రాన వార్డుల మధ్య గోడలు కూలలేదు. అవి కూలింది మెడికేర్ వల్ల.

1965 జులై 30న ప్రెసిడెంట్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. పెద్ద వైద్య సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దానిని గట్టిగా వ్యతిరేకించింది. నల్లజాతి డాక్టర్ల సంఘం బలపరచింది. 1966 జులై 1న పథకం మొదలయ్యేనాటికి చేరిన వృద్ధులు సుమారు కోటీ తొంభై లక్షల మంది. వారి వైద్యానికి డబ్బు కావాలంటే ముందు వార్డులు కలపండి అని ప్రభుత్వం షరతు పెట్టింది. తనిఖీదార్లు ఊళ్ళ వెంట తిరిగారు. పైకి అంతా సవ్యంగా ఉన్నట్టు చూపించిన చోట్ల, లోపలి నిజం వారి చెవిన వేసింది అక్కడ పనిచేసే నల్లజాతి చిన్న ఉద్యోగులే. ఉద్యోగం పోతుందని తెలిసీ చెప్పారు. కొద్ది నెలల్లోనే వెయ్యికి పైగా ఆసుపత్రులు పాత పద్ధతి మానుకున్నాయి. మిసిసిపీలో అతిసారం, న్యుమోనియాలతో చనిపోయే నల్లజాతి పసిపిల్లల సంఖ్య ఆ తర్వాతి అయిదారేళ్ళలో బాగా తగ్గింది. ఆసుపత్రి తలుపు తీస్తే బతికే పిల్లలే వాళ్ళంతా.

ఇందులో మన ప్రసక్తి ఏముంది అంటారా? అక్కడికే వస్తున్నాం.

1923 ఫిబ్రవరిలో, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీకి పౌరసత్వం చెల్లదని సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. భారతీయులు తెల్లవారు కారన్నదే కారణం. అదే సంవత్సరం అక్టోబరులో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగారు. అంతటి ప్రతిభావంతుడు కూడా 1946 దాకా ఈ దేశంలో పౌరుడయ్యే అర్హత లేకుండానే బతికారు. 1946లో ఆ అర్హత వచ్చింది, దానితోపాటు భారతదేశానికి కోటా కూడా వచ్చింది. ఎంతో తెలుసా? ఏడాదికి 100 మంది! ఆ రోజుల్లో గుంటూరు, విశాఖపట్నం కాలేజీల్లో చదివిన వారికి తెలివి లేకనా, కష్టపడే గుణం లేకనా?

ఆ కోటాలను రద్దుచేసిన వలస చట్టం మీద జాన్సన్ 1965 అక్టోబరు 3న సంతకం చేశాడు. మెడికేర్ చట్టం, నల్లవారి ఓటు హక్కు చట్టం, మన వలస చట్టం, మూడూ రెండు నెలల పైచిలుకు వ్యవధిలో వచ్చాయి. 1964 పౌరహక్కుల చట్టాన్ని, ఓటు హక్కు చట్టాన్ని, వలస చట్టాన్ని కాంగ్రెసులో నడిపించిన వారిలో ఎమాన్యుయేల్ సెల్లర్ ముఖ్యుడు. ఇంట్లో పుట్టినవాడి పట్ల జాతి భేదం తప్పని ఒప్పుకున్నాక, గుమ్మం బయట నిలబడ్డవాడిని పుట్టిన దేశాన్ని బట్టి ఆపడం ఎలా సమర్థిస్తారు? లాఠీదెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి ఆ మాట ఒప్పించింది నల్లవారు. ఆ తలుపులో నుంచి లోపలికి వచ్చింది మనం.

అంతటితో అయిపోలేదు. మన రెసిడెన్సీ జీతాలలో పెద్ద భాగం నేటికీ వచ్చేది ఆ మెడికేర్ నిధుల నుంచే. 1976లో విదేశీ డాక్టర్ల రాకను చట్టం బిగించింది. 1994లో, డాక్టర్లు చాలని ప్రాంతాల్లో మూడేళ్ళు పనిచేస్తే ఉండనిచ్చే పద్ధతి మొదలైంది. అటువంటి చోట్లలో మావంటి వారి చేతికి వచ్చే రోగులలో ఎందరో ఆ నేలమాళిగ నాటివారూ, వారి పిల్లలూ.

మన కష్టం అబద్ధమని మేము అనడం లేదు. రాత్రింబగళ్ళు చదివిన మాట నిజమే. కాని పరుగెత్తే సత్తా ఒకటి, పరుగు పందెంలోకి రానివ్వడం మరొకటి. ఈ తేడా మనకు తెలియనిదా? మన ఊళ్ళ టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మన పెద్దవాళ్ళు చూసినదే. రెండో గ్లాసు ఎవరిదో, తాగాక ఎవరు కడిగిపెట్టాలో చెప్పనవసరం లేదు. అక్కడ మొదటి గ్లాసులో తాగినవాళ్ళం కాబట్టి, ఇక్కడ ఆ నేలమాళిగను గుర్తుపట్టడానికి మాకు ఇంతకాలం పట్టిందేమో.

చివరగా ఒక మనవి. ప్రతి జనవరిలో మన సంఘాలు సంక్రాంతి సంబరాలు జరుపుకొనే రోజుల్లోనే, మూడో సోమవారం, మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవు వస్తుంది. ముగ్గుల పోటీ, పిల్లల నాటిక ఎలాగూ ఉంటాయి. వాటి నడుమ ఒక అరగంట కేటాయించి, మీ ఊరి నల్లజాతి పెద్దవారిని ఒకరిని పిలిచి, ఆనాటి ఆసుపత్రి సంగతులు మన పిల్లలకు చెప్పమని అడుగుదాం. అరిసెలు పెట్టి పంపిద్దాం. మా రోగిని కూడా పిలవాలనుకున్నాం. ఆవిడ ఆ చలికాలం దాటలేదు.