ఎస్పీ రోడ్డు, జనవరి 7

బేగంపేట నుంచి ప్యారడైజ్ వైపు వస్తున్నారు మీరు. 2009 జనవరి 7, బుధవారం, పదకొండు దాటింది. ఎస్పీ రోడ్డు మీద మేఫెయిర్ సెంటర్ దగ్గర బండి ఆపండి. సత్యం కంప్యూటర్స్ రిజిస్టర్డ్ ఆఫీసు ఇదే. పనంతా ఏనాడో మాదాపూర్, బహదూర్‌పల్లికి తరలిపోయింది గానీ, కాగితాల మీద కంపెనీ చిరునామా ఇంకా సికింద్రాబాదే. 108 అంబులెన్సు ఒకటి కూత పెట్టుకుంటూ దూసుకుపోయింది. ఆ సర్వీసు మొదలుపెట్టిందీ సత్యం ఛైర్మన్ రామలింగరాజుగారే.

ఈ చుట్టుపక్కల ఏ షేర్ బ్రోకరు ఆఫీసులోకైనా తొంగిచూడండి. అందరి కళ్లూ టీవీ కింది పట్టీ మీదే. నిన్న 179 దగ్గర ముగిసిన సత్యం షేరు వంద దాటి కిందికి జారుతోంది. అమ్మెయ్, అమ్మెయ్ అని ఫోన్లు. కొనేవాడేడీ? సాయంత్రానికి నలభై. రేపు మొహర్రం, మార్కెట్టుకి సెలవు. కనీసం రేపు పడదు.

లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రాజుగారు రాసిన ఉత్తరం ప్రింటు చేతులు మారుతోంది. మీరూ అందుకోండి. నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవట. సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లన్నది నిజానికి 61 కోట్లట. పులి మీద సవారీ చేశానంటున్నారు, దిగితే తినేస్తుందని భయపడ్డారట. తాను రూపాయి కూడా తీసుకోలేదట. బోర్డు సభ్యులకి ఏమీ తెలియదట.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. నేరం ఒప్పుకుంటూనే పక్కవాళ్లకి క్లీన్‌చిట్ రాసిచ్చేశారు! సరే, తెలియదనే అనుకుందాం. మూడు వారాల కిందట, డిసెంబరు 16న, రాజుగారి కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలని 160 కోట్ల డాలర్లకి కొందామంటే సరేనన్నది ఈ బోర్డే. హార్వర్డ్ ప్రొఫెసరు, ఐఎస్‌బీ డీన్ ఉన్న బోర్డు. మదుపర్లు మండిపడితే తెల్లారేసరికి వెనక్కి తగ్గారు. ఆ కొనుగోలు లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టే ఆఖరి ప్రయత్నమని ఉత్తరంలోనే ఉంది, చూడండి.

పోల్చడానికి అమెరికా వైపు చూడండి: మొన్న నవంబరులో డెట్రాయిట్ కార్ల కంపెనీల పెద్దలు ముగ్గురు సొంత జెట్లలో వాషింగ్టన్ వెళ్లి అప్పడిగి నవ్వులపాలయ్యారు. వాళ్ల నష్టాలు పుస్తకాల్లో కనిపిస్తున్నాయి. మన దగ్గర కనిపించినవన్నీ లాభాలే. మార్చి ఆఖరుకి వైట్‌హౌస్ మాట మీద జనరల్ మోటార్స్ అధిపతి కుర్చీ దిగుతాడు. ఇక్కడ ఏప్రిల్‌లో జీపులూ ట్రాక్టర్లూ చేసే మహీంద్రా గ్రూపు వచ్చి సత్యాన్ని కొంటుంది.

ప్రస్తుతానికి యాభై వేల పైచిలుకు ఉద్యోగులకి ఒకటే బెంగ: సంక్రాంతి వారంలో ఉంది, ఈ నెల జీతం పడుతుందా?

రాజుగారు 9వ తేదీ రాత్రి లొంగిపోతారు. 2015 ఏప్రిల్‌లో ఆయనతో కలిపి పదిమందికి ఏడేళ్ల జైలు పడుతుంది, నెల తిరిగేసరికి శిక్ష నిలిపేసి బెయిలిస్తారు. ఆ పదిమందిలో రాజుగారి తమ్ముళ్లిద్దరున్నారు, బయటి ఆడిటర్లిద్దరున్నారు, కంపెనీ అకౌంట్స్ ఉద్యోగులూ ఉన్నారు. స్వతంత్ర డైరెక్టరు ఒక్కరూ లేరు.