పరపతి పుట్టిన విధము

నా దగ్గర చదువుకున్న శిష్యుడొకడు న్యూజెర్సీలో చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. కిందటి నెలలో ఫోను చేసి, "మాస్టారూ! నీతిపద్యాలు వల్లె వేయించి అప్పు చేయకూడదని నేర్పారు. నేను చేయలేదు. ఇప్పుడు బ్యాంకువాళ్ళు నీ కంపెనీకి అప్పు తీసుకొని తీర్చిన చరిత్రే లేదు, ఏ ధైర్యంతో ఇమ్మంటావని అడుగుతున్నారు. మీ పాఠం నా కొంప ముంచిందండీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వులో కొంత నిజమైన బాధ ఉంది.

తెలిసినవారెవరో అతనికి ఒక ఉపాయం చెప్పారట. అట్టపెట్టెలు, కాగితాలు, పనిముట్లు అమ్మే సరఫరాదారుల దగ్గర కంపెనీ పేరున ఖాతా తెరవాలి. ముప్పై రోజుల గడువు మీద సరుకు తెచ్చుకొని, గడువు రాకముందే డబ్బు కట్టాలి. అట్లా కొన్నాళ్ళు చేస్తే కంపెనీకి ఒక పేరు వస్తుంది. "చేతిలో డబ్బు పెట్టుకొని అరువు తేవడం ఏమిటి మాస్టారూ?" అని అతని సందేహం. నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆ తరువాత కొన్ని వారాలు ఈ విషయాన్నే చదువుతూ కూర్చున్నాను. ఆ చదువు ఫలితమే ఈ వ్యాసం.

ముందుగా మాట సంగతి. మన భాషలో 'పరపతి' అనే పదానికి రెండు ముఖాలున్నాయి. "ఆయనకు ఊళ్ళో మంచి పరపతి ఉంది" అంటే పలుకుబడి. సహకార పరపతి సంఘం అన్నప్పుడు అదే మాటకు అప్పు అని అర్థం. పలుకుబడికీ అప్పుకూ ఒకే మాట పెట్టుకున్న మన పెద్దలకు వ్యాపార రహస్యం తెలిసే ఉండాలి. ఇంగ్లీషువారి 'క్రెడిట్' లాటిను 'క్రేడో' నుంచి వచ్చింది. 'నమ్ముతున్నాను' అని దాని అర్థం. మన సంస్కృత 'శ్రద్ధ' కూడ ఆ మూలానికే చెందిన పదమని భాషాశాస్త్రవేత్తలు నిర్ధారించారు. అనగా అప్పిచ్చేవాడు ముందుగా ఇచ్చేది సొమ్ము కాదు, నమ్మకం.

ఈ నమ్మకం మీద నిలిచిన వ్యాపారానికి మన సాహిత్యంలోనే గొప్ప కథ ఉంది. సోమదేవుని కథాసరిత్సాగరం పదకొండవ శతాబ్దపు గ్రంథం. అందులో తండ్రి లేని ఒక బీదకుర్రవాడు మూలధనం కోసం విశాఖిలుడనే వర్తకుని వద్దకు వెళతాడు. ఆ సమయంలో వర్తకుడు మరొకనిని మందలిస్తూ, సమర్థుడైనవాడు ఈ చచ్చిన ఎలుకతోనైనా ధనం సంపాదించగలడని అక్కడ పడి ఉన్న ఎలుకను చూపిస్తాడు. కుర్రవాడు దానినే పెట్టుబడిగా తీసుకుంటున్నానని చెప్పి, పత్రం రాసి ఇస్తాడు! ఆ ఎలుకను ఒకని పిల్లికి మేతగా ఇచ్చి గుప్పెళ్ళతో శనగలు పుచ్చుకుంటాడు. శనగలూ, మంచినీళ్ళూ పెట్టుకొని దారిలో కూర్చుని, అలసి వచ్చే కట్టెలవారి ఆకలి దప్పులు తీర్చి, వారిచ్చిన కట్టెలతో వ్యాపారం సాగిస్తాడు. చివరకు ధనవంతుడై, బంగారంతో ఎలుకను చేయించి విశాఖిలునికి అప్పు తీర్చేస్తాడు.

చిన్నప్పుడు ఈ కథలో కుర్రవాని తెలివిని మాత్రమే మెచ్చుకున్నాను. ఇప్పుడు చదివితే నా కన్ను ఆ పత్రం మీద ఆగింది. చచ్చిన ఎలుకకు విలువ లేదు. ఊరికే పట్టుకుపోయినా ఎవరూ అడిగేవారు కారు. అయినా అతడు దానిని ఖాతాలో రాయించుకున్నాడు. నా శిష్యుడు అడిగిన ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. అవసరం లేకపోయినా చిన్న అప్పు రాయించుకొని తీర్చడం సరుకు కోసం కాదు, సాక్ష్యం కోసం.

మా ఇంట్లోనూ ఇటువంటి పత్రం లేని కథ ఒకటి నడిచింది. మా నాన్నగారూ బడిపంతులే. జీతం ఏ నెలలో వస్తుందో తెలియని రోజులు. వీధి చివరి కిరాణా కొట్టులో మాకు ఖాతా ఉండేది. నేను చీటీ పట్టుకొని వెళితే శెట్టిగారు సరుకు కట్టి, పద్దు రాసుకునేవారు. జీతం అందిన రోజున నాన్నగారు తిన్నగా కొట్టుకు వెళ్ళి, పద్దుకు చెల్లు రాయించి, ఆ తరువాతనే ఇంటి గడప తొక్కేవారు. మా అక్క పెళ్ళికి సంబారాలన్నీ శెట్టిగారే పంపారు. ప్రోనోటు మాట ఎత్తలేదు. కాని నాన్నగారికి వేరే ఊరికి బదిలీ అయినప్పుడు, కొత్త ఊరి కొట్టులో "అరువు రేపు" అన్న పలక ఎదురైంది. ఇరవై ఏళ్ళ మంచిపేరు పాత ఊరి పుస్తకంలో ఉండిపోయింది!

నమ్మకం అన్ని దేశాల్లోనూ ఉంది. అయితే అది ఊరు దాటేది కాదు. దానిని కాగితం మీదికెక్కించి ఊళ్ళు దాటించడమే పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలో జరిగిన కొత్త పని.

ఆనాటి అమెరికాలో మారుమూల ఊళ్ళ వర్తకులు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ శరత్తులోనూ, న్యూయార్కు వంటి నగరాలకు వచ్చి సరుకు కొనేవారు. రైతు పంట అమ్మితే గాని వర్తకునికి డబ్బు రాదు గనుక, ఆరు నెలలు మొదలుకొని ఏడాది వరకు గడువు ఉండేది. వందల మైళ్ళ అవతలి కొట్టువాడు ఎటువంటివాడో నగరపు టోకు వర్తకునికి తెలిసే దారి లేదు. ఎవరో ఒకరు రాసిన పరిచయపు ఉత్తరమే ఆధారం.

న్యూయార్కులో ఆర్థర్ టాపన్ అనే పట్టు వర్తకుడు, అతని తమ్ముడు లూయీ టాపన్ కలిసి వ్యాపారం చేసేవారు. ఇద్దరూ బానిసత్వాన్ని నిర్మూలించాలని పోరాడినవారు. ఆ కారణంగానే 1834లో అల్లరిమూకలు లూయీ ఇంటిమీద పడి సామాను వీధిలో తగలబెట్టాయి. 1837లో దేశమంతటా ఆర్థిక సంక్షోభం వచ్చింది. మే నెలలో న్యూయార్కు బ్యాంకులు నోట్లకు బదులు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. అరువిచ్చిన సరుకుకు వసూళ్ళు నిలిచిపోయి, టాపన్ల వ్యాపారం పది లక్షల డాలర్లకు పైబడిన బాకీలతో మూతపడింది. ఎవరిని నమ్మవచ్చునో తెలియకపోవడం ఎంత ప్రమాదమో లూయీకి స్వానుభవంతో బోధపడింది.

1841లో అతడు మర్కంటైల్ ఏజెన్సీ అనే సంస్థను ప్రారంభించాడు. అమిస్టాడ్ ఓడలో తిరగబడిన ఆఫ్రికా బందీల పక్షాన అతడూ మిత్రులూ నడిపిన వ్యాజ్యం సుప్రీంకోర్టులో గెలిచినదీ ఆ ఏడాదే. మనిషిని సరుకుగా అమ్మరాదని వాదించిన చేయే, మనుషుల నడవడిని పద్దులుగా రాసి అమ్మడం మొదలుపెట్టింది. ఇందులోని చిత్రమైన వైరుధ్యం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

ఏజెన్సీ పని ఇట్లా నడిచేది. ఊరూరా విలేఖరులు ఉండేవారు. వారిలో ఎక్కువమంది న్యాయవాదులు. తమ ఊరి వర్తకుని ఆస్తి ఎంత, వయసెంత, తాగుతాడా, బాకీలు సకాలంలో కడతాడా అన్న వివరాలు రాసి పంపేవారు. ప్రతిఫలంగా ఆ ప్రాంతపు మొండిబాకీల వసూలు పని వారికి దక్కేది. ఇల్లినాయిలో న్యాయవాదిగా ఉన్న రోజుల్లో అబ్రహాం లింకను సైతం ఇట్లా వివరాలు పంపినవాడే. ఉత్తరాలను పెద్ద పెద్ద ఆవర్జాలలోకి ఎక్కించేవారు. చందాదారు కార్యాలయానికి వస్తే గుమాస్తా చదివి వినిపించేవాడు. నకలు ఇచ్చేవారు కారు. ఆ ఆవర్జాలు రెండువేల అయిదువందలకు పైగా నేటికీ హార్వర్డు విశ్వవిద్యాలయపు బేకర్ గ్రంథాలయంలో ఉన్నాయి.

రాసినదంతా సత్యమేనా? ఒహాయోలోని నార్వాక్ అనే ఊళ్ళో బియర్డ్‌స్లీ సోదరులు వ్యాపారం చేసేవారు. వారిలో ఒకని భార్య విడాకులు కోరబోతున్నదని ఆవర్జాలోకి ఎక్కింది. ఆ మాటతో తమకు సరుకు ఆగిపోయిందని వారు టాపన్ మీద పరువునష్టం దావా వేశారు. వార్త రాసినదెవరో చెప్పమని కోర్టు అడిగినా చెప్పక, సంస్థ భాగస్వామి బెంజమిన్ డగ్లస్ చెరసాలకు వెళ్ళాడు. 1851లో జూరీ పదివేల డాలర్ల పరిహారం విధించింది. 1870లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది గాని, దాదాపు ఇరవై ఏళ్ళపాటు ఆ వ్యాజ్యం నడిచింది. ఆ ఆవర్జాలను పరిశీలించిన చరిత్రకారులు మరొక సంగతీ చూపించారు. యూదు వర్తకుల పద్దుల్లో వ్యక్తి నడవడి కన్నా జాతి మీది దురభిప్రాయమే ఎక్కువ కనిపిస్తుంది. పద్దు రాసే చేతిలో పక్షపాతం ఉంటే, అది పద్దుతో పాటే ఊళ్ళు దాటుతుంది.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1849లో సిన్సినాటిలో జాన్ బ్రాడ్‌స్ట్రీట్ పోటీ సంస్థను పెట్టాడు. 1859లో టాపన్ సంస్థ రాబర్ట్ గ్రాహం డన్ చేతికి వచ్చింది. ఇంగ్లీషులో 'డన్' అంటే బాకీకోసం వెంటపడడమని ఒక క్రియ ఉంది. అది ఇతని కన్నా ఎంతో పాతది. ఇంటిపేరు వృత్తికి అట్లా అమరింది! వర్తకులకు అక్షరాలు, అంకెలు వేసి పుస్తకాలు అచ్చువేయడం ఆ రోజుల్లోనే మొదలయింది. 1933లో రెండు సంస్థలూ ఏకమై డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అయ్యాయి. 1963లో ఒక్కొక్క వ్యాపారానికీ తొమ్మిదంకెల సంఖ్య ఇవ్వడం ప్రారంభించారు. దానినే డన్స్ నంబరు అంటారు. మా శిష్యుడు ఉచితంగా తెచ్చుకున్నది ఆ సంఖ్యనే.

ఇప్పుడు ఆవర్జాలో తాగుడు, విడాకులు లేవు. సరఫరాదారులు పంపిన బిల్లుల వివరాలను బట్టి ఒకటి నుంచి వంద వరకు పేడెక్స్ అనే అంకె వేస్తారు. గడువు నాటికి కడితే 80. ముప్పై రోజులు ముందే కడితే 100. ముప్పై రోజులు ఆలస్యమైతే 50. పెద్ద బిల్లుకు ఎక్కువ తూకం. ఇక్కడ ఒక కిటుకు ఉంది. అందరు సరఫరాదారులూ ఈ వివరాలు పంపరు. పంపనివానికి ఎంత ముందుగా కట్టినా ఆ పద్దు మా నాన్నగారి పద్దులాగే ఆ కొట్టులోనే ఉండిపోతుంది. అందుచేత ఖాతా తెరవక ముందే "మా చెల్లింపుల వివరాలు పంపుతారా?" అని అడగడం వివేకం. డబ్బు పుచ్చుకొని పాత ఖాతాల చరిత్రను అతికించి ఇస్తామనేవారూ ఉంటారు. వారికి దూరంగా ఉండడం ఇంకా వివేకం.

గడువును అర్థం చేసుకోవడానికి ఒక చిన్న లెక్క. బిల్లు మీద కొందరు "పది రోజుల్లో కడితే రెండు శాతం తగ్గింపు, లేకుంటే ముప్పై రోజుల్లో మొత్తం" అని రాస్తారు. వంద రూపాయల బిల్లుకు పదవ రోజున 98 కట్టవచ్చు. కట్టకపోతే ఆ 98 రూపాయలను మరి ఇరవై రోజులు వాడుకున్నందుకు రెండు రూపాయల వడ్డీ ఇచ్చినట్టు. ఏడాదికి లెక్కగడితే అది సుమారు 37 శాతం! అరువు ఉచితమని భ్రమపడేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

మరి మన దేశం సంగతి? సిబిల్ సంస్థ 2000లో ఏర్పడింది. అయితే దాని పుస్తకంలోకి ఎక్కేది బ్యాంకులు, ఇతర రుణసంస్థలు చెప్పే లెక్క. కాగితాల వర్తకునికీ, ఇనుప సామానుల కొట్టుకూ సకాలంలో కట్టిన చిన్న కంపెనీ మంచితనం అందులో కనిపించదు. పైగా మన చిన్న పరిశ్రమల కష్టం తలకిందులుగా ఉంది. ఇక్కడ గడువు తప్పేది తరచుగా సరుకు కొన్న పెద్ద కంపెనీ. ఎదురుచూసేది సరుకు ఇచ్చిన చిన్నవాడు. అందుకే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం, సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు మించకుండా డబ్బు కట్టాలనీ, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ ఇవ్వాలనీ నిర్దేశించింది. అట్లా గడువులో కట్టని సొమ్మును, కట్టిన ఏడాది వరకు ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపనివ్వని నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. చిన్నవాని బిల్లుల మీద ముందుగానే సొమ్ము ఇప్పించే ట్రెడ్స్ వేదికలు 2017లో పని మొదలుపెట్టాయి. అయినా పెద్ద కొనుగోలుదారు మీద వడ్డీకోసం ఫిర్యాదు చేసి, రేపు మళ్ళీ అతని గుమ్మమే ఎక్కవలసిన చిన్నవాని సంకటం చట్టంతో పూర్తిగా తీరేది కాదు.

చివరకు శిష్యునికి ఫోను చేసి చెప్పాను: "నాయనా! నేను చెప్పిన పాఠం తప్పు కాదు, సగమే చెప్పాను. తీర్చలేని అప్పు చేయవద్దన్నది మొదటి సగం. తీర్చగలిగిన చిన్న అప్పు చేసి, చెప్పిన రోజు కన్నా ముందు తీర్చు, చెల్లు రాయించుకో అన్నది రెండవ సగం. ఎలుకను ఊరికే తీసుకోకు, పత్రం రాసి తీసుకో. ఇంకొక మాట. రేపు నీ కంపెనీ పెద్దదైతే, నీకు సరుకిచ్చే చిన్నవానిని గడువు దాటించకు."

అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మాస్టారూ, మా కంపెనీలో ఇద్దరు చిన్నవాళ్ళకు నేనే బాకీ ఉన్నాను. రేపే పంపుతాను" అన్నాడు. ఈ చదువంతటికీ నాకు దక్కిన ఫలం ఆ ఒక్క మాట.

మీ మీ ఊళ్ళలో పాత కొట్ల చిట్టాలు, ఆవర్జాలు ఎవరి అటకల మీదనైనా ఉంటే దయచేసి పారవేయకండి. హార్వర్డువారు దాచుకున్నది అటువంటి పుస్తకాలనే. మా శెట్టిగారి పుస్తకం దొరికితే, మా నాన్నగారి పద్దుల పక్కన చెల్లు రాతలు ఒకసారి కళ్ళారా చూసుకోవాలని నాకు ఆశ.