ఉద్యోగం కోసం ఊరు మారుతున్నారా? ఎండ, ఉక్కపోత, చలి చీకటి.. ఏ సిటీలో ఎలా ఉంటుందంటే!

డిగ్రీ, బీటెక్ చేతికి రాగానే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లల్లో మొదలయ్యే చర్చ ఒకటే. బెంగళూరా? హైదరాబాదా? చెన్నైనా? లేక లోన్ తీసుకుని అమెరికా వెళ్లడమా? జీతం, రూం అద్దె, తెలిసినవాళ్లు ఎవరున్నారు.. ఇలా అన్నీ లెక్కేస్తారు. వాతావరణం మాటొస్తే మాత్రం 'మన ఎండల కంటే ఎక్కువేముంటుందిలే' అని వదిలేస్తారు. కానీ జీతం తర్వాత పెంచుకోవచ్చు, రూం మార్చుకోవచ్చు. ఆ ఊరి ఎండను, చీకటిని మాత్రం మార్చుకోలేం. అందుకే అడ్వాన్స్ కట్టేముందు, సీటు ఖాయం చేసుకునేముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ.

వేడి వేరు.. ఉక్కపోత వేరు.. వెలుతురు వేరు

'అక్కడ ఎండ ఎలా ఉంటుంది?' అనే ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఎన్ని డిగ్రీలు? గాలిలో తేమ ఎంత? రోజుకు ఎన్ని గంటలు వెలుతురు ఉంటుంది?

కడప జిల్లాలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అయితే ఇక్కడిది చాలావరకు పొడి వేడి. చెమట త్వరగా ఆరిపోతుంది. నీడకు వెళితే కాస్త ఊరట దొరుకుతుంది. సముద్రతీరంలో అలా కాదు. 35 డిగ్రీలకే ఒళ్లంతా తడిసి ముద్దవుతుంది. భారత వాతావరణ శాఖ కూడా వడగాలుల విషయంలో ఈ తేడా పాటిస్తుంది. మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు, తీర ప్రాంతాల్లో కనీసం 37 డిగ్రీలు ఉంటేనే వడగాలుల లెక్కలోకి తీసుకుంటారు. అంటే తీరంలో తక్కువ వేడి కూడా ప్రమాదమే.

ఇందులో జేబుకు సంబంధించిన విషయం కూడా ఉంది. ప్రొద్దుటూరులో కూలర్‌తో ఎండాకాలం గట్టెక్కేయొచ్చు. నీరు ఆవిరైతేనే కూలర్ గాలిని చల్లబరుస్తుంది. గాలిలో ముందే తేమ నిండి ఉండే చెన్నై, విశాఖల్లో అది పెద్దగా పనిచేయదు. ఏసీ తప్పదు. అద్దెతో పాటు ఎండాకాలం కరెంటు బిల్లు కూడా కలిపి లెక్కేసుకోవాలి.

మన దగ్గరి సిటీలు ఎలా ఉంటాయి?

బెంగళూరు: పులివెందుల వాళ్లు కదిరి మీదుగా నేరుగా వెళ్లే సిటీ. సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉండటమే చల్లదనానికి ప్రధాన కారణం. ఇక్కడ మే కంటే ఏప్రిల్‌లోనే వేడి ఎక్కువ. 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదైతే సిటీ అల్లాడిపోయింది. మన జిల్లాలో అది మామూలు ఎండాకాలం రోజు. అయితే జూన్ నుంచి అక్టోబర్ దాకా మబ్బులు, ముసురు ఎక్కువ. కిటికీ సరిగా లేని పీజీ గది తీసుకుంటే ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు.

హైదరాబాద్: సుమారు 540 మీటర్ల ఎత్తు. మే నెలలో 40 డిగ్రీలు దాటినా పొడి వేడే కాబట్టి కడప జిల్లా వాళ్లు త్వరగానే అలవాటు పడతారు. శీతాకాలంలో ఎండ హాయిగా ఉంటుంది. భాష, తిండి ఇబ్బంది ఎలాగూ లేదు.

చెన్నై: ఏడాది పొడవునా ఉక్కపోత. మధ్యాహ్నం తర్వాత వీచే సముద్రపు గాలే ఊరట. మిగతా దేశానికి భిన్నంగా అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు అసలైన వానాకాలం. 2015 చివరి వరదలు, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను గుర్తుండే ఉంటాయి. గది చూసేటప్పుడు 'ఈ వీధిలో అప్పట్లో నీళ్లొచ్చాయా?' అని పక్కింటివాళ్లను అడగాల్సిందే.

విశాఖపట్నం: సముద్రం వల్ల డిగ్రీలు తక్కువే చూపించినా తేమ ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా తాకిన సిటీ ఇది. శీతాకాలం మాత్రం చాలామందికి నచ్చుతుంది.

విదేశాలకైతే లెక్క తిరగబడుతుంది

ఇక్కడ ఎండ తప్పించుకోవాలని చూసే మన పిల్లలే, విదేశాలకు వెళ్లాక ఎండ కోసం వెతుక్కుంటారు. కారణం చలి ఒక్కటే కాదు. చలికి జాకెట్ కొనుక్కోవచ్చు, చీకటికి మందు లేదు. డిసెంబర్ 21న పగటి సమయం సుమారుగా ఇలా ఉంటుంది:

- కడప జిల్లా: 11 గంటల 15 నిమిషాలు
- దుబాయ్: 10 గంటల 30 నిమిషాలు
- డాలస్: 10 గంటలు
- చికాగో: 9 గంటల 10 నిమిషాలు
- టొరంటో: 8 గంటల 55 నిమిషాలు
- లండన్: 7 గంటల 50 నిమిషాలు

లండన్‌లో ఆ రోజుల్లో సాయంత్రం 4 కాకముందే పొద్దు మునుగుతుంది. ఉదయం క్లాసు, మధ్యాహ్నం నుంచి పార్ట్‌టైమ్ పని చేసే విద్యార్థి వారం మొత్తంలో ఎండ ముఖం చూడకపోవచ్చు. సియాటెల్ లాంటి చోట పగలు ఉన్నా శీతాకాలమంతా మబ్బే. కాబట్టి పగటి గంటలతో పాటు మబ్బు ఎన్ని రోజులు ఉంటుందో కూడా చూడాలి.

ఆస్ట్రేలియాలో రుతువులు తలకిందులు. జూలైలో చేరే విద్యార్థి నేరుగా శీతాకాలంలోనే దిగుతాడు. అక్కడ ఎండకు పేరున్నది పెర్త్, బ్రిస్బేన్. మెల్‌బోర్న్ చలిగా, మబ్బుగా ఉంటుంది.

ఎండ ఉన్న సిటీకీ ఒక ధర ఉంది

డాలస్, ఫీనిక్స్, హ్యూస్టన్.. అమెరికాలో ఎండ కావాలనుకునేవాళ్ల నోట వినిపించే పేర్లివి. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా లేదు. అయితే కారు లేకుండా ఈ సిటీల్లో బతకడం కష్టం. చికాగో, న్యూయార్క్‌లలో చలి ఎక్కువైనా రైళ్లు, బస్సులతో నెట్టుకురావచ్చు. చలి బట్టల ఖర్చు ఎక్కువా, కారు, ఇన్సూరెన్స్ ఖర్చు ఎక్కువా అనేది లోన్ మీద వెళ్లేవాళ్లు ముందే తేల్చుకోవాలి.

ఎండ ఉన్నంత మాత్రాన అంతా సుఖమే అనుకోవద్దు. ఫీనిక్స్‌లో 2023 జూన్ 30 నుంచి వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. అంటే పులివెందుల మే నెల కంటే ఘోరం. హ్యూస్టన్‌ది చెన్నై తరహా ఉక్కపోత. 2017లో హరికేన్ హార్వీ ఆ సిటీని ముంచెత్తింది. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది.

మనసు మీద, ఎముకల మీద..

శీతాకాలంలో వెలుతురు తగ్గినప్పుడు వచ్చే దిగులు, అతినిద్ర, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం బద్ధకం కాదు. దీన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అంటారు. 1984లో అమెరికా పరిశోధకుడు నార్మన్ రోజెంతాల్ బృందం దీన్ని వివరించింది. ఇంటికి ఫోన్ చేసి 'బాగున్నా' అనే అబ్బాయి గొంతు వారాల తరబడి డల్‌గా ఉంటే అమ్మానాన్నలు తేలిగ్గా తీసుకోకూడదు. యూనివర్సిటీ కౌన్సెలర్‌ను, డాక్టర్‌ను కలవమని చెప్పాలి.

ఇక విటమిన్ డి. బ్రిటన్ ఆరోగ్య శాఖ శరదృతువు, శీతాకాలాల్లో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోవడం గురించి ఆలోచించాలని చెబుతోంది. దక్షిణాసియా వాళ్లకైతే ఏడాదంతా ఇదే సలహా. డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టడం మంచిది.

మరో విషయం. ఎండ ఉన్న సిటీకి వెళ్లినా నైట్ షిఫ్ట్ చేసి పగలంతా కర్టెన్లు వేసుకుని పడుకుంటే ఫలితం ఉండదు. ఆఫర్ లెటర్‌లో సిటీ పేరుతో పాటు షిఫ్ట్ టైమింగ్ కూడా చూసుకోవాలి.

డిసైడ్ అయ్యే ముందు చెక్ చేసుకోండి

- ఆ సిటీలో అన్నింటికంటే కష్టమైన నెల ఏది? దాని గురించే అడగండి. మంచి నెలలో వెళ్లి చూసి మోసపోవద్దు.
- ఒక్క ఏడాది లెక్క కాకుండా 30 ఏళ్ల సగటు చూడండి. వాతావరణ శాఖలు వీటిని విడుదల చేస్తాయి.
- గదికి కిటికీ ఏ దిక్కున ఉంది? పడమటి ఎండ పడే పైఅంతస్తు గది అద్దె తక్కువైనా ఎండాకాలం రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు.
- ఏసీ, హీటర్, కారు.. వీటిలో ఏది తప్పనిసరి? నెల ఖర్చులో కలిపారా?
- ఆస్తమా, సైనస్, కీళ్ల నొప్పులు ఉన్నవాళ్లు డాక్టర్ సలహా తీసుకున్నారా?
- మీ కంటే ముందు వెళ్లిన సీనియర్‌ను 'ఎలా ఉంది?' అని కాకుండా 'మొదటి డిసెంబర్ ఎలా గడిచింది?' అని అడగండి. అసలు సంగతి అప్పుడే బయటికొస్తుంది.

జీతంలో భారీ తేడా ఉంటే వాతావరణం కోసం ఉద్యోగం వదులుకోవాల్సిన అవసరం లేదు. రెండు ఆఫర్లూ, రెండు సీట్లూ దాదాపు సమానంగా ఉన్నప్పుడు మాత్రం పలక మీద రాసుకోవాల్సిన మూడో గీత ఇదే. తెలిసి వెళ్లిన చలికి, తెలిసి వెళ్లిన ఉక్కపోతకు మనిషి సిద్ధపడతాడు. తెలియక దిగినచోటే మొదటి ఏడాది బరువవుతుంది.