ఆ శుక్రవారం రాలిన చుక్క

1992 అక్టోబరు 9, శుక్రవారం. పిట్స్‌బర్గ్ శివారులో మా అబ్బాయి చదివే హైస్కూలులో ఫుట్‌బాల్ ఆట. వాడు ఆడడు, బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. అది వీడియో తీసి గుంటూరులో మా నాన్నగారికి పంపాలని నా ఆరాటం. (ఆ క్యాసెట్టును అక్కడి వీసీఆర్‌లో ఆడేటట్టు మార్పించడం మరో యజ్ఞం!)

రాత్రి 7 గంటల 48 నిమిషాలకు జనమంతా ఒక్కసారిగా 'ఓ' అన్నారు. పున్నమి చంద్రుణ్ణి మించిన వెలుగుతో, ఆకుపచ్చ ఛాయతో ఒక అగ్నిగోళం ఈశాన్యంగా సాగిపోతోంది. చిన్నప్పుడు ఆరుబయట మంచం మీద పడుకుని చూసిన చుక్కలు రెప్పపాటులో రాలిపోయేవి. ఇది 40 సెకన్లకు పైగా కనిపించింది. చూస్తుండగానే పగిలి, ముక్కలన్నీ ఊరేగింపులో దివిటీల్లా ఒకదాని వెంట ఒకటి వెళ్ళాయి. చుక్క రాలితే ఎవరో పోయినట్టేనని మా నాయనమ్మ అనేది. ఆ రాత్రే ఇంటికి ఫోను చేశాను. అందరూ క్షేమమే.

దెబ్బతిన్నది ఒక్క కారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్‌లో ఇంటి దగ్గర ఆపి ఉన్న 1980 మోడల్ షెవర్లే మాలిబు డిక్కీని 12 కిలోల పైచిలుకు రాయి చీల్చుకుపోయింది.

రాళ్ళు పడడం కొత్త కాదు. 1852లో మన నెల్లూరు ప్రాంతంలో పడిన ఉల్క జాబితాలకెక్కింది. కానీ అది ఏ దారిన వచ్చిందో కొలిచినవారు లేరు. దారి లెక్కగట్టాలంటే ఒకే ఉల్కను వేర్వేరు చోట్ల నుంచి చూసిన ఆధారాలు కావాలి. పీక్‌స్కిల్ రాయికి ఆ ఆధారాలు ఇచ్చింది ఎవరనుకున్నారు? చాలావరకు నాలాగా పిల్లల ఆటలు తీయడానికి వెళ్ళినవారే! కనీసం 16 వీడియోలు దొరికాయి. వాటి సాయంతో శాస్త్రజ్ఞులు 1994లో దాని కక్ష్యను ప్రకటించారు. అంగారకుణ్ణి దాటి వెళ్ళి వచ్చే దారి అది. అలా కక్ష్య తెలిసిన ఉల్కాశిలల్లో అది నాలుగోది మాత్రమే.

మరి నా క్యాసెట్టు? ఆకాశం చూస్తూ కెమెరా కిందికి దించేశాను, ఆపలేదు. అందులో ఉన్నది గడ్డి, నా బూట్లు, జనం కేక, దూరం నుంచి మా వాడు తెలుగులో "నాన్నా, పైకి చూడు!" అని అరవడం. స్నేహితుల ముందు వాడు తెలుగు మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి.