చమురుతో కరెంటు: జపాన్ ఎందుకు మానేసింది, మళ్లీ ఎందుకు వెతుక్కుంది?

మనకు కరెంటు పోతే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో డీజిల్ జనరేటర్ మోగుతుంది కదా. చమురుతో కరెంటు అంటే మనకు తెలిసింది అదే, అవసరానికి వాడుకునేది. కానీ 1973లో జపాన్ కరెంటులో 70 శాతం దాకా చమురు కాల్చి తీసిందే! ప్రపంచం మొత్తం చూసినా దాదాపు నాలుగో వంతు. ఇప్పుడు ప్రపంచంలో అది 3 శాతం కూడా లేదు.

అంత ఎందుకు కాల్చారంటే, చవక. 1960ల్లో గల్ఫ్ ముడి చమురు బ్యారెల్ రెండు డాలర్ల లోపే. సొంత బొగ్గేమో ఖరీదు, పైగా 1960లో మీకే గనిలో నెలల తరబడి సమ్మె. చమురైతే ఓడ నుంచి పైపులో వచ్చేస్తుంది, బూడిద ఎత్తే పని లేదు. కొన్ని ప్లాంట్లలో ముడి చమురునే నేరుగా బాయిలర్‌లో కాల్చేవాళ్లు.

అయితే అందులోని గంధకం ఎక్కడికి పోతుంది? గాల్లోకే. యొక్కాయిచి అనే ఊళ్లో జనానికి ఆస్తమా పట్టుకుంది. కేసు వేస్తే 1972లో ఆరు కంపెనీలు ఓడిపోయాయి, అందులో ఒకటి కరెంటు కంపెనీ. ఈ కాలుష్యం గొడవ వల్లే 1969లో అలాస్కా నుంచి ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవరూపంలోని సహజవాయువు, ఓడలో తెప్పించడం మొదలుపెట్టారు. అంటే చమురుకు బదులు వెతకడం షాక్ కంటే ముందే మొదలైంది. ఈ ముక్క చాలామంది చెప్పరు.

1973 అక్టోబరులో యుద్ధం. మూడు డాలర్ల చమురు కొన్ని నెలల్లో పన్నెండుకు దగ్గరైంది. జపాన్‌లో టాయిలెట్ పేపర్ కోసం కూడా క్యూలు కట్టారు! అయినా ఉన్న ప్లాంట్లను ఒక్క రోజులో మూసేయలేరు కదా. 1979లో రెండో షాక్ వచ్చింది. అదే ఏడాది అంతర్జాతీయ ఇంధన సంస్థ దేశాలు కొత్త చమురు ప్లాంట్లు కట్టకూడదని అనుకున్నాయి. పెరిగిన డిమాండ్‌ని గ్యాస్, బొగ్గు, అణువిద్యుత్తు పంచుకున్నాయి. పాత చమురు ప్లాంట్లు, మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, మెయిన్ సర్వర్ నుంచి బ్యాకప్‌కి వెళ్లాయి.

ఆ బ్యాకప్ అవసరం 2011 మార్చిలో తెలిసింది. ఫుకుషిమా తర్వాత రియాక్టర్లు ఒక్కొక్కటే ఆగిపోయి, 2012 మే నాటికి అన్నీ బంద్. మూలన పడ్డ చమురు యూనిట్లను మళ్లీ వెలిగించారు. ఇంధనం దిగుమతులు పెరగడం కూడా ఒక కారణమై, 2011లో జపాన్‌కు 31 ఏళ్లలో తొలిసారి వాణిజ్య లోటు వచ్చింది.

మరి ఏడాదిలో కొన్ని రోజులే తిరిగే ప్లాంటుకు జీతాలు, రిపేర్లు ఎవరు పెట్టుకుంటారు? 2016లో రిటైల్ మార్కెట్ పూర్తిగా తెరిచాక కంపెనీలు లెక్క చూసుకుని చాలావాటిని మూసేశాయి. 2022 మార్చిలో భూకంపానికి కొన్ని థర్మల్ ప్లాంట్లు ఆగాయి, పైగా చలి. టోక్యో ప్రాంతానికి కరెంటు కొరత హెచ్చరిక ఇచ్చారు. దేశంలో అలాంటి హెచ్చరిక అదే మొదటిసారి.

అప్పటికే 2020లో ఒక వేలం పెట్టారు. 2024 ఏప్రిల్ నుంచి ప్లాంట్లకు డబ్బులు ఇస్తున్నారు. కరెంటు అమ్మినందుకు కాదండీ, సిద్ధంగా ఉన్నందుకు. ఆ డబ్బు ప్రధానంగా కరెంటు అమ్మే కంపెనీల దగ్గర వసూలు చేస్తారు, వాళ్లేమో ఇంటి బిల్లులో కలుపుతారు.