వార్తలో అనుమానం, సమాజంలో అపనమ్మకం: మక్కా మసీదు ఉదంతం

ముస్లింల విషయంలో ప్రసార మాధ్యమాలు పక్షపాతం వహిస్తున్నాయన్న భావన ప్రభుత్వ పత్రాలలోనే నమోదైంది. తమను అనుమానంతో చూస్తున్నారని ముస్లింలు వాపోయారనీ, తమపై ఏర్పడిన మూసచిత్రాన్ని మాధ్యమాలు కొనసాగిస్తున్నాయని పలువురు భావించారనీ 2006 నవంబరు నాటి సచార్ కమిటీ నివేదిక పేర్కొంది.

ఆరు నెలలకే హైదరాబాదు ఆ భావనకు నిదర్శనంగా నిలిచింది. 2007 మే 18న శుక్రవారం ప్రార్థనల వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. అనంతరం పోలీసు కాల్పులలో మరికొందరు మరణించారు. బాధితులు ముస్లింలు, అనుమానితులుగా నిర్బంధానికి గురైనదీ ముస్లిం యువకులే. పోలీసు వర్గాలను ఉటంకిస్తూ వెలువడిన కథనాలలో సరిహద్దు ఆవలి సంస్థల పేర్లు వినవచ్చాయి.

తరువాత కథ మారింది. 2010లో సి.బి.ఐ. హిందూత్వ బృందానికి చెందినవారిని నిందితులుగా చూపింది. కుట్ర కేసులలో నిర్దోషులుగా తేలిన యువకులకు ప్రభుత్వం పరిహారమివ్వగా, 2013లో హైకోర్టు దానిని రద్దు చేసింది. 2018 ఏప్రిల్ 16న ఎన్.ఐ.ఏ. ప్రత్యేక న్యాయస్థానం విచారణ నెదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. నేరం ఎవరిదో న్యాయస్థానంలో రుజువు కాలేదు.

రుజువుకు ముందే నేరస్థుణ్ణి నిర్ణయించే భాష ఏ వర్గానికైనా అన్యాయమే. అయితే పక్షపాత భావనకు మూలం ఒక్క అసత్యవార్త కాదు. అరెస్టుకు దక్కిన స్థలం విడుదలకు దక్కిందా అన్న ప్రశ్న. తెలుగు పత్రికాభాషా పరిశోధన ఆ రెండు వార్తలనూ పక్కపక్కన ఉంచి చదవవలసి ఉంది.