మోటారు లేకుండానే నడకకు తోడ్పడే సాధనం

మోటారు, బ్యాటరీ లేకుండానే నడకలో వెచ్చించే శక్తిని తగ్గించవచ్చని అమెరికా శాస్త్రవేత్తలు స్టీవెన్ కాలిన్స్, బ్రూస్ విగ్గిన్, గ్రెగరీ సావికీ నిరూపించారు. వివరాలు 2015లో 'నేచర్' పత్రికలో ప్రచురితమయ్యాయి.

పనిచేసే తీరు: కాలికి తొడిగే ఈ సాధనం బరువు ఒక్కో కాలికి సుమారు అర కిలో. ఇందులో పిక్క వెనుక స్ప్రింగు, యాంత్రిక క్లచ్ ఉంటాయి. పాదం నేలపై ఉన్నప్పుడు క్లచ్ బిగుసుకొని, సాగిన స్ప్రింగు పిక్క కండరాల భారాన్ని కొంత మోస్తుంది; మడమ లేచే వేళ ఆ శక్తిని తిరిగి అందిస్తుంది. కాలు గాలిలో ఉన్నప్పుడు క్లచ్ వదులై చీలమండ స్వేచ్ఛగా కదులుతుంది.

ఫలితాలు: సాధారణ నడకతో పోలిస్తే శక్తి వినియోగం సగటున 7.2 శాతం తగ్గింది. స్ప్రింగు మరీ బిగువైనప్పుడు ఈ ప్రయోజనం క్షీణించింది. పరీక్షలు ఆరోగ్యవంతులపైనే జరిగినందున, పక్షవాత బాధితులకూ ఇదే మేలు కలుగుతుందని ఈ ఫలితాలను బట్టి భావించరాదు.